ఆర్చి వెనక ఆముదం చెలక

ఆదివారం పొద్దున ఎనిమిది. ఆరాంఘర్ చౌరస్తా దాటాక రోడ్డు పక్కన ఏసీ బస్సు ఆగి ఉంది. అద్దానికి అడ్డంగా వెంచర్ బ్యానరు. మీరు ఎక్కుతారు. టికెట్టు అడిగేవాళ్లు లేరు. మెడలో ట్యాగు వేసుకున్న కుర్రాడు మీ చేతిలో నీళ్ల సీసా, మెరిసే బ్రోచరు పెట్టి, "టిఫిన్ దారిలో సార్, లంచ్ సైట్లోనే. ఫ్యామిలీ రాలేదా?" అని అడుగుతాడు. ముందు సీట్లో రిటైరైన మాస్టారు, ఆయన భార్య. వెనక ఇద్దరు సాఫ్ట్‌వేర్ పిల్లలు. కిటికీ పక్కన, దుబాయిలో ఉన్న అన్న కోసం ప్లాటు చూడబోతున్న తమ్ముడు. అందరి ఒళ్లోనూ అదే బ్రోచరు, అదే ఈతకొలను, అవే నీలి కొండలు.

మీ సంచిలో ఒక నవల ఉంది. ఎఫ్. స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ రాసిన 'ది గ్రేట్ గాట్స్‌బీ', 1925 ఏప్రిల్ 10న న్యూయార్క్‌లో వెలువడింది. బస్సు శంషాబాద్ చేరేసరికి మీరు మూడో అధ్యాయంలో ఉంటారు. గాట్స్‌బీ అనే కోటీశ్వరుడి రోల్స్ రాయిస్ కారు శని, ఆదివారాల్లో బస్సులా తిరుగుతుంటుంది. పట్నం నుంచి జనాన్ని మోసుకొస్తుంది, అర్ధరాత్రి దాటాక దిగబెడుతుంది. రైలు దిగేవాళ్ల కోసం స్టేషన్‌కు ఇంకో బండి వెళ్తుంది. ప్రతి శుక్రవారం డబ్బాలకొద్దీ నారింజలు, నిమ్మకాయలు దిగుతాయి; సోమవారానికి రసం పిండిన చెక్కలు వెనక గుమ్మం దగ్గర కుప్పపడతాయి. వచ్చేవాళ్లలో చాలామందికి పిలుపు లేదు, ఇంటాయన ముఖం కూడా తెలియదు. మీరు తలెత్తి బస్సంతా ఒకసారి కలియజూస్తారు.

కొత్తూరు దాటగానే రోడ్డుకు రెండు వైపులా రంగు రంగుల జెండాలు మొదలవుతాయి. 2008లో విమానాశ్రయం శంషాబాద్‌కు వచ్చినప్పటి నుంచి ఈ దారిలో రాతిగుట్టకు కూడా రేటు పుట్టింది. షాద్‌నగర్ మొన్నటిదాకా పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు రంగారెడ్డిలో కలిసింది. జిల్లా మారితే గజం ధర ఎలా మారిందో ఏజెంటు మైకులో చెబుతుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు.

బాలానగర్ దగ్గర టీ కోసం ఆపుతారు. అక్టోబరు గదా, రోడ్డు పొడుగునా గంపల్లో సీతాఫలాలు. సీతాఫలం తోట వేసే రైతును ఎక్కడ అడిగినా బాలానగర్ రకం పేరు చెబుతాడు. ఆ పేరు ఈ ఊరిదే. ఇక్కడ వాటిని పనిగట్టుకుని నాటినవాళ్లు తక్కువ. గుట్టల సందుల్లో, చెలక గట్ల మీద తమంతట తామే మొలిచిన చెట్లు. గంప ముందు కూచున్న అవ్వ కళ్లు విచ్చిన కాయ ఒకటి ఏరి మీ చేతిలో పెడుతుంది. "మెత్తగైంది బిడ్డా, ఇప్పుడే తిను. ఇంటికి పోయేదాంక ఆగదు." రెండు బొటనవేళ్లతో నొక్కితే నడిమికి విడిపోతుంది. నల్లటి గింజ చుట్టూ తెల్లటి గుజ్జు, తొక్క పక్కన ఇసుక పలుకు.

"ఏ గుట్టవి అవ్వా ఇవి?"

"మా గుట్ట యాడుంది బిడ్డా? మిషన్లు వచ్చి చదును జేసినయ్. ఇప్పుడు ఆటో ఎక్కి దూరం పోయి తెంపుకొస్తున్నం."

ఏజెంటు బస్సు తలుపు దగ్గర నిలబడి పిలుస్తున్నాడు. చేతులు తుడుచుకుని ఎక్కుతారు.

హైవే దిగి కొన్ని కిలోమీటర్లు లోపలికి పోయాక ఆర్చి కనబడుతుంది. నాలుగు స్తంభాలు, రెండు ఏనుగులు, బంగారు రంగు. ఆర్చికి అటూ ఇటూ గోడ లేదు. లోపల కొత్త తారు రోడ్లు. ప్రతి మూలా సున్నం వేసిన రాయి, దాని మీద ఎర్ర రంగుతో నెంబరు. కరెంటు స్తంభాలున్నాయి, తీగలు లేవు. పార్కులో రెండు ఉయ్యాలలు, ప్లాస్టిక్ కవరు విప్పని జారుడుబండ. ఒక్క ఇల్లు లేదు. గాట్స్‌బీ ఇంట్లో పెద్ద గ్రంథాలయం ఉంటుంది. మందు తాగి దారితప్పిన అతిథి ఒకడు అల్మరాలోంచి పుస్తకం లాగి చూసి నివ్వెరపోతాడు: అట్టముక్కలేమో అనుకున్నాను, నిజం పుస్తకాలే! కాకపోతే ఏ పుస్తకానికీ పేజీల అంచులు కోసి లేవు. ఆ రోజుల్లో అంచు కోసుకుంటే గాని పుస్తకం చదవడానికి వీలుండేది కాదు.

ఏజెంటు మిమ్మల్ని లేఅవుట్ మ్యాపు ముందు నిలబెడతాడు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, మొత్తం 4,840 గజాలు. అందులో రోడ్లకూ పార్కుకూ వదలాల్సింది వదిలాక మిగిలినదాన్ని ప్లాట్లుగా కోస్తారు. కొనేది ఎకరాల్లో, అమ్మేది గజాల్లో. ఈ వ్యాపారానికి ఇంతకు మించిన కిటుకు లేదు. బయానా ఇవ్వడం, సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్చే నాలా కన్వర్షన్, లేఅవుట్‌కు డీటీసీపీ అప్రూవల్, ఊళ్లో మీడియేటర్ కమిషన్ అన్నీ ఈ రెండు కొలతల మధ్యే నడుస్తాయి.

షామియానా కింద బగారా అన్నం, కోడికూర, ఐస్‌క్రీం. లక్కీ డ్రా. మైకులో అరుపు: "ప్లాట్ నెంబర్ నలభై ఏడు, మూల ప్లాటు, స్పాట్ బుకింగ్! గట్టిగా చప్పట్లు!" మాస్టారు, ఆయన భార్య లేచి నిలబడతారు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. ఉద్యోగమంతా అద్దె ఇళ్లలో గడిపి, ఇంటివాళ్లు ఖాళీ చేయమన్నప్పుడల్లా సామాను ఎత్తుకున్న మనిషికి తన పేర రెండు వందల గజాలంటే ఏమిటో నాకు తెలుసు. ఆ కన్నీళ్లు నిజమైనవి. కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఎండ తగ్గలేదు. మీరు నీడ వెతుక్కుంటూ తుమ్మచెట్టు కిందికి నడుస్తారు. ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన. ధోతి మీద వాచ్‌మన్ ఖాకీ చొక్కా. మిమ్మల్ని చూసి లేవబోతాడు.

"కూచో పెద్దయ్యా, కూచో."

"ప్లాటు సూడనీకె వచ్చిండ్రా సారూ?"

"చూస్తున్నా. ఏ ఊరు నీది?"

"గీ ఊరే. గీ జాగనే." కట్టె ఎత్తి చూపిస్తాడు. "ఆ ఉయ్యాలున్న కాడికెల్లి ఈ స్తంభం దాంక మాదే ఉండె. ఆముదం ఏస్తుంటిమి. నడుమ నడుమ కంది సాల్లు. వానలు మంచిగ కొడితే జొన్న."

చొక్కా లోపలి జేబులోంచి ఒక పాలిథిన్ కవరు తీస్తాడు. రబ్బరు బ్యాండు రెండు చుట్లు. లోపల పాత పట్టాదారు పాస్‌పుస్తకం. అట్ట మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. ముందు పేజీలో పడుచు వయసు ఫొటో, దాని మీద సగం ఎక్కిన తహసీల్దారు ముద్ర. సర్వే నెంబరు రాసిన చోట సిరా ఊదా రంగులోకి తిరిగింది. వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పుతాడు. అమ్మినట్టు రాసిన పేజీ దగ్గర ఆగడు, తొందరగా దాటేస్తాడు.

"ఇది చెల్లదు సారూ. తెలుసు నాకు. ఉంచుకున్న."

ఎందుకు అమ్మావని మీరు అడగరు. ఆయనే చెబుతాడు. బోరు మీద బోరు వేస్తే నీళ్ల బదులు తెల్లటి రాతిపొడి లేచింది. ఇంట్లో ఆడపిల్ల పెండ్లి. విమానాలు దిగుతాయన్న వార్తతో ఊళ్లోకి కార్లు రావడం మొదలైంది. పక్క చెలకాయన అమ్మాడు, ఆ పక్కాయన అమ్మాడు. చుట్టూ అందరూ కంచె వేశాక తన చెలకకు బండ్లబాట కూడా లేకుండా పోయింది. "పైసలొచ్చినయ్. ఇంటి ముందర మంది నిండిరి. కొడుకు జీపు కొనె. దినాం దావతే. పైసలు ఒడిసినంక ఒక్కడు ఈ దిక్కు రాలె సారూ."

గాట్స్‌బీ చావుకు కూడా ఎవరూ రాలేదు. వేసవి అంతా ఆయన ఇంట్లో తిని తాగినవాళ్లు వందలమంది; శ్మశానం దాకా వచ్చింది పక్కింటి కథకుడు, కన్నతండ్రి, పాదిరి, నౌకర్లు, ఒక పోస్ట్‌మన్, ఆ గ్రంథాలయంలో కనబడ్డ కళ్లద్దాల మనిషి. అంతే. రాసినాయన కూడా 1940 డిసెంబరులో 44 ఏళ్లకే పోయాడు. అప్పటికి ఈ నవల రెండో ముద్రణ ప్రతులు ఇంకా గోదాములోనే పడి ఉన్నాయి.

"ఇప్పుడు ఏం చేద్దామని పెద్దయ్యా?"

ఆయన ముఖం విప్పారుతుంది. "నా జీతం ముట్టుకుంటలేను. కొడుకు పట్నంల డ్రైవరు. ఇద్దరం జమ చేస్తున్నం. ఎకరం కాకున్నా పావెకరం, ఈడనే, గీ జాగలనే వాపసు తీసుకుంటం."

పావెకరమంటే పది గుంటలు, 1,210 గజాలు. బ్రోచరు మీ చేతిలోనే ఉంది, గజం రేటు దాని మీద ఉంది. మీరు గుణించి చూసుకుని నోరు మెదపకుండా ఊరుకుంటారు.

ఈ నవలను మన ప్రాంతంలో చదివినవాళ్లు గాట్స్‌బీ అంటే వెంచర్ ఓనరే అనుకుంటారు: పెద్ద కారు, ఎక్కడిదో తెలియని డబ్బు, ఊరందరికీ భోజనాలు. నేను ఒప్పుకోను. గాట్స్‌బీకి డబ్బు మీద మోజు లేదు. ఐదేళ్ల కింద పేదరికం వల్ల చేజారిన డెయిజీని తిరిగి తెచ్చుకోవాలి, ఆ ఐదేళ్లు జరగనట్టే చేయాలి, అతని బతుకంతా అదే. అందుకే ఆమె ఇంటి రేవులో వెలిగే పచ్చదీపం కనబడేలా నీటికి ఇవతల ఇల్లు కొన్నాడు. గడిచిపోయిన కాలాన్ని మళ్లీ తెచ్చుకోలేమని స్నేహితుడంటే, ఎందుకు తెచ్చుకోలేమని ఆశ్చర్యపోయాడు. పాలమూరు గాట్స్‌బీ ఈ తుమ్మచెట్టు కింద ఉన్నాడు. తన చెలక కనబడే చోట కుర్చీ వేసుకుని, అమ్మిన నేలను వాపసు కొంటానని నమ్ముతున్నాడు. వెంచర్ ఓనరు నా లెక్కలో ఆ విందుకొచ్చిన అతిథుల్లో ఒకడు. ఇక్కడ అయిపోగానే ఇంకో ఊరికి పోతాడు.

గాట్స్‌బీ ఒకప్పుడు సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆల్చిప్పలు తవ్విన, చేపలు పట్టిన కుర్రాడు. ఈ పెద్దయ్య పదహారేళ్లకే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఊరు విడిచాడు. దేశంలో పెద్ద డ్యాముల, కాలువల పనులు జరిగిన చోట పాలమూరు లేబర్ అన్న మాట తెలియనివాళ్లు ఉండరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ కట్ట మీద రాయి మోసినవాళ్లలో ఈ గుంపులున్నాయి. ఊళ్లు తిరిగి ఎవరెవరి పొలాలకో నీళ్లు పారించినవాళ్లు. సొంత చెలకకు నీళ్లు మాత్రం రాలేదు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో కరివెన దగ్గర శంకుస్థాపన జరిగే నాటికే పెద్దయ్య భూమి చేతులు మారిపోయింది. 2018 మే 10న రైతుబంధు మొదలైంది, ఎకరానికి పంటకు నాలుగు వేలు. దున్నినా బీడు పెట్టినా పట్టా ఎవరి పేర ఉంటే వాళ్లకే చెక్కు ఇచ్చేవారు. అదే ఏడాది ఆగస్టులో రైతుబీమా వచ్చింది, అరవై నిండని పట్టాదారు చనిపోతే ఇంటికి 5 లక్షలు. అమ్ముకున్నవాడు ఏ జాబితాలోనూ లేడు. భూమి పోవడమంటే పంట పోవడమొక్కటే అయితే తట్టుకోవచ్చు. సర్కారు దృష్టిలో అతను రైతుగా లేకుండా పోయాడు, నాకు కోపం తెప్పించేది అది.

"మీరు ఏ నెంబరు తీసుకున్నరు సారూ?" పెద్దయ్య అడుగుతున్నాడు.

"తీసుకోలేదు. నాతో వచ్చిన మాస్టారు నలభై ఏడు తీసుకున్నారు. ఆ మూలది."

ఆయన చప్పున లేస్తాడు. "అయ్యో, ఆడ మా బాయి ఉండె! మా నాయన తవ్విన బాయి. మోట బాయి. ఏడు మట్ల లోతు. రాళ్లు, మొరం పోసి పూడ్చిండ్రు. ఇల్లు గడితే కుంగుతది."

మీరు షామియానాలోకి పరుగెత్తినంత పని చేసి మాస్టారి చెవిలో చెబుతారు. ఆయన కంగారు పడడు. సంతకం పెట్టిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకుని తుమ్మచెట్టు దాకా వస్తాడు. "అన్నా, జర వచ్చి చూపిస్తవా?" ఇద్దరూ పక్కపక్కన నడుస్తారు. ఒకరు అమ్మినాయన, ఒకరు కొన్నాయన. నలభై ఏడో రాయి దగ్గర పెద్దయ్య అడుగులు కొలుస్తూ గుండ్రంగా తిరిగి బావి ఒడ్డు ఎక్కడెక్కడ ఉండేదో కట్టెతో గీత గీస్తాడు. మాస్టారు ఆ గీతను బ్రోచరు వెనక పెన్నుతో దించుకుంటాడు. ప్లాటు మార్చండని ఏజెంటును నిలదీస్తే, ఓనరుతో మాట్లాడి చెబుతానంటాడు. బస్సెక్కే దాకా ఓనరు ఫోన్ కలవలేదు.

బస్సు హైదరాబాద్ వెళ్తుంది. మీరు బాలానగర్‌లో దిగి ఎదుటి వైపు వనపర్తి పోయే ఆర్టీసీ బస్సు పట్టుకుంటారు. జడ్చర్ల దగ్గర పడుతుండగా కిటికీలోంచి పోలేపల్లి సెజ్ ఫార్మా కంపెనీల గొట్టాలు కనబడతాయి. 2000ల మొదట్లో సర్కారు సేకరించిన భూములు. అసైన్డ్ భూమికి ఎకరానికి 18 వేలు ఇచ్చారని అప్పట్లో పత్రికలు రాశాయి. 2008 ఉప ఎన్నికలో బాధిత రైతులే నామినేషన్లు వేసి నిలబడ్డారు. గెలవలేదు. కానీ అమ్మకానికి పెట్టని భూమి ఎలా పోయిందో ఊరూరా తిరిగి చెప్పారు.

చీకటి పడుతోంది. నవలలో ఇంకో ధనవంతుడున్నాడు, డెయిజీ భర్త టామ్ బుకానన్. పుట్టుకతో వచ్చిన ఆస్తి, ఎదుటివాళ్ల బతుకులు పగలగొట్టి తన డబ్బులోకి వెనక్కి నడిచిపోయే ధీమా. ఈ రకం మనిషి నల్లగొండ వాళ్లకు కొత్తేమీ కాదు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి 40 వేల ఎకరాలున్నాయని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశాడు. అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో, 1946 జులై 4న, ఊరేగింపుగా వస్తున్న ఆంధ్ర మహాసభ సంఘం మనుషుల మీద గడీ నుంచి తుపాకులు పేలాయి. దొడ్డి కొమరయ్య నేలకూలాడు. ఆ తర్వాత ఐదేళ్లు ఆ జిల్లా రగిలింది.

ఇంకొక్క తేదీకి మీరు నాతో రావాలి: 1951 ఏప్రిల్ 18, పోచంపల్లి. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని వినోబా భావే కాలినడకన వచ్చాడు. జనంలో మీరూ నిలబడి ఉన్నారు. మగ్గాల ఊరు, ఏప్రిల్ ఎండ. ఎంత భూమి కావాలని వినోబా దళితవాడ వాళ్లను అడుగుతాడు. వాళ్లు మాట్లాడుకుని చెబుతారు: నలభై కుటుంబాలకు ఎనభై ఎకరాలు, నలభై తరి (మాగాణి), నలభై ఖుష్కి (మెట్ట). ఎక్కువ అడగలేదు, లెక్క కట్టి అడిగారు. సర్కారును అడుగుతాను, ఈలోగా ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అంటాడు వినోబా. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానంటాడు. భూదానం అక్కడ పుట్టింది. దేశమంతటా దానపత్రాల్లోకి ఎక్కిన నేలంతా పేదల చేతికి చేరలేదు, అది పెద్ద దుఃఖం. అయినా ఆ రోజు నాకు విలువైనదే. భూమి ధర పలకకుండా చేతులు మారడం జనం కళ్లారా చూశారు.

రాత్రి కొత్తకోట మీదుగా వనపర్తి చేరతారు. తెల్లారి సోమవారం. రాజావారి బంగళా ముందు నిలబడతారు. పొడుగాటి వరండాలు, కమాను తలుపులు. గాట్స్‌బీ పోయాక ఆయన బంగళా ముందు గడ్డి పెరిగింది, ఎవరో పిల్లవాడు ఇటుకముక్కతో మెట్ల మీద బూతు రాసి పోయాడు. వనపర్తి సంస్థానం బంగళా మాత్రం 1959 నుంచి పాలిటెక్నిక్. రాజా రామేశ్వరరావు మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు గెలిచాడు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపాడు. పాత వైభవాన్ని వాపసు తెచ్చుకోవాలని కూచోకుండా ఇల్లు చదువుకునే పిల్లలకు వదిలిపెట్టడం ఆయన చేసిన మంచి పని.

ఒకప్పటి దివాణం గదుల్లోంచి డ్రాయింగ్ బోర్డులు చంకన పెట్టుకుని పిల్లలు వస్తున్నారు. సివిల్ డిప్లొమా వాళ్లకు సర్వే ప్రాక్టికల్. మైదానంలో ముక్కాలి మీద లెవెల్ బిగించి ఒక అమ్మాయి బుడగ నడిమికి వచ్చేదాకా మరలు తిప్పుతోంది. దూరంగా ఇద్దరు అబ్బాయిలు స్టాఫ్ పట్టుకుని నిలబడ్డారు.

"ఇది నేర్చుకుంటే పని దొరుకుతదా అమ్మా?"

"షాద్‌నగర్ దిక్కు వెంచర్లల్ల సర్వేకు మస్తు పిలుస్తున్నరు సార్. మా సీనియర్లు ఆడనే ఉన్నరు."

పూడ్చిన బావి మీద ప్లాటు పడితే తెలుస్తుందా అని అడుగుతారు. ఆ అమ్మాయి దుర్భిణిలోంచి కన్ను తీయకుండానే జవాబిస్తుంది. "పాత విలేజ్ మ్యాపుల బాయి గుర్తు ఉంటది సార్, తీసి చూడాలె. మొదలు ఆ జాగ ముసలోళ్లను అడగాలె, మా సార్ అదే చెప్పిండు." అంతలో చెయ్యి ఊపుతుంది. "జర పక్కకు జరుగుండ్రి సార్, స్టాఫుకు అడ్డం నిలబడ్డరు."